ఎక్కడికని అడగని ఊరు

గెడ్డవలసలో బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే వెళ్ళే పని చెడుతుంది. అడిగించుకున్నవాడు ఇంటికి తిరిగొచ్చి, చెప్పులు విప్పి, కాసేపు కూచుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. ఈ పట్టింపు తెలుగువాళ్ళందరికీ ఉన్నదే గాని, మిగతాచోట్ల అవసరాన్ని బట్టి మరిచిపోతారు. గెడ్డవలస వాళ్ళు మరిచిపోరు. పిండిమర చిట్టినాయుడు ఒకసారి రైలుకని సంచీ పట్టుకుని బయల్దేరితే, ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమేన్ మర్యాదకి "ఎక్కడికి నాయుడుగారూ?" అన్నాడు. చిట్టినాయుడు పల్లెత్తు మాట అనకుండా వెనక్కి తిరిగి, ఇంటికెళ్ళి నీళ్ళు తాగి, దూరంగా రైలు కూత విని, తృప్తిగా భోజనానికి కూచున్నాడు. ఆ పోస్టుమేన్ మళ్ళీ ఆ ఊళ్ళో ఎవరినీ ఏమీ అడగలేదు. మనియార్డర్లు కూడా మౌనంగానే ఇచ్చేవాడు.

దీనివల్ల ఊరికి ఎవరూ కోరని మేలు ఒకటి జరిగింది. ఎవరెక్కడికి వెళ్తున్నారో ఎవరికీ తెలీదు. పెళ్ళాం మొగుణ్ణి అడగదు, అత్త కోడల్ని అడగదు. అడిగితే పాపం తమకే చుట్టుకుంటుందని భయం. మిగతా దేశంలో మనుషుల గుట్టు కాపాడ్డానికి చట్టాలూ కోర్టులూ కావలసి వచ్చాయి గాని, గెడ్డవలసకి అపశకునం ఒక్కటే సరిపోయింది.

ఆ మేలు అందరికంటే ఎక్కువగా అనుభవించిన మనిషి చిట్టినాయుడి చెల్లెలు నూకరత్నం. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోతే అన్న ఇంటికొచ్చేసింది. ఇప్పుడు నలభై దాటింది. పిండిమర అన్న పేరుమీద ఉంది, నడిపేది మాత్రం ఆమే. అన్న వాకిట్లో పేపరు చదువుతూ మర చప్పుడుని పర్యవేక్షిస్తాడు. గురువారం మరకి సెలవు. ఆ రోజు నూకరత్నం ఉతికిన చీర కట్టుకుని, గెడ్డ అనే వాగుమీది వంతెన దాటి, అవతలి రాష్ట్రంలోని బరంపేట వెళ్తుంది. అక్కడ బస్టాండు వెనక టీ హోటల్లో దాలినాయుడని ఒకాయన ఎదురుచూస్తుంటాడు. షామియానాల కొట్లో పని, భార్య పోయి చాలాకాలమైంది. ఇద్దరూ టీ తాగుతారు, ఇడ్లీలోకి చట్నీ ఎలా ఉందో మాట్లాడుకుంటారు. వానలు వెనకబట్టాక రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుందామని అనుకున్నారు. ఇది చిట్టినాయుడికి ముందుగా తెలిస్తే పెళ్ళి జరగదు. వీధి చివర ఓ వితంతువు మళ్ళీ పెళ్ళాడినప్పుడు, ఆ ఇంటివాళ్ళ గింజలు ఏడాదిపాటు మరాడనివ్వని మనిషి అతను. జరిగిపోయాక తెలిస్తే అరుస్తాడు, అలుగుతాడు, అన్నం తింటాడు. అందుకని నూకరత్నం ఆశంతా ఒక్కదాని మీదే ఉంది: ఎవరూ అడక్కుండా ఆ వంతెన దాటడం.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి గెడ్డవలస మీద ప్రేమ కలిగింది. ఇవతలి రాష్ట్రం వాళ్ళు అవతలికీ, అవతలివాళ్ళు ఇవతలికీ వెళ్తున్నారని ఒక ఉన్నతస్థాయి సంఘం కనిపెట్టింది. వంతెన కట్టిన తర్వాతే ఈ ధోరణి ప్రబలిందని కూడా తేల్చింది. దాంతో సంచార సంక్షేమ శాఖ అనేది పుట్టి, దాని తరఫున సంయుక్త ప్రశ్నాధికారి పరంజ్యోతిగారు జీపులో వచ్చి, బడి ఆవరణలో సభ పెట్టారు.

"సోదర సోదరీమణులారా," అన్నారు పరంజ్యోతిగారు. "పౌరుడు ఎటు పోతున్నాడో ప్రభుత్వానికి తెలియనప్పుడు ఆ పౌరుడు తప్పిపోయినట్టే పరిగణించాలి. ఆ లెక్కన ఈ గ్రామంలో నిత్యం వేలమంది తప్పిపోతున్నారు. మిమ్మల్ని వెతకడం ప్రభుత్వ బాధ్యత. అయితే వెతకడం కంటే ముందుగా అడగడం చౌక. ఇకపై వంతెన వద్ద మిమ్మల్ని ఎవరూ ఆపరు, సోదా చెయ్యరు, చెయ్యి వెయ్యరు. ఒకే ఒక్క ప్రశ్న, అదీ మర్యాదగా, అడగబడుతుంది."

జనం చప్పట్లు కొట్టారు. ఆ ఒక్క ప్రశ్న ఏమిటో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. అడిగే అలవాటున్న ఊరు కాదు గదా.

మర్నాటికి వంతెన మొదట్లో ఒక స్తంభం లేచింది. దానికో కెమెరా, ఎర్ర దీపం, పచ్చ దీపం, కింద అడ్డకర్ర. పొద్దున్నే సంతకి బయల్దేరిన మొదటి మనిషి దగ్గరికి రాగానే స్తంభం పంచదార పాకంలాంటి ఆడగొంతుతో, "నమస్కారం. మీరు ఎక్కడికి వెళ్తున్నారు?" అంది.

ఆ మనిషి రెండు చెవులూ మూసుకుని వెనక్కి తిరిగాడు. రెండోవాడూ తిరిగాడు. ఇంటికెళ్ళి నీళ్ళు తాగి వచ్చారు. స్తంభం మళ్ళీ నమస్కారం పెట్టి మళ్ళీ అడిగింది. మళ్ళీ వెళ్ళారు. మధ్యాహ్నానికి ఊరంతా కడుపుల్లో నీళ్ళు కుదుపుకుంటూ వంతెనకీ ఇంటికీ మధ్య తిరుగుతోంది. సాయంత్రానికి వంతెన దాటింది ఒక్క కుక్క. దాన్ని కూడా స్తంభం అడిగింది గాని దానికి పట్టింపులు లేవు.

పరంజ్యోతిగారు ఆ రోజే పైకి నివేదిక పంపారు: "ప్రశ్నింపబడిన ప్రతి పౌరుడును వెనుదిరిగెను. దీనినిబట్టి, ప్రశ్నింపబడని కాలమున వంతెన దాటిన వారందరును అనుమానాస్పదులేయని విశదమగుచున్నది. అనుమానాస్పద సంచారము తొలిదినముననే సమూలముగా నిర్మూలింపబడినది." పైనుంచి ప్రశంస వచ్చింది. దాంతోబాటు ఒక సందేహమూ వచ్చింది. తిరిగెళ్ళినవాళ్ళంతా ఇంటికెళ్ళి నీళ్ళు తాగుతున్నారట, ఏదో మింగెయ్యడానికి కాకపోతే ఇంతమందికి ఒకేసారి దాహం ఎలా వేస్తుందని. వారం తిరక్కుండా ఇంటింటా మంచినీళ్ళ బిందెకి ఎదురుగా కెమెరా వెలిసింది. చిట్టినాయుడు తన ఇంటి బిందెని ప్రత్యేకం చింతపండుతో తోమించి పెట్టాడు. ప్రభుత్వం చూస్తుంటే నల్లటి బిందె ఏం బావుంటుందని ఆయన ఉద్దేశం.

ఆ గురువారం, ఆ పై గురువారం నూకరత్నం వెళ్ళలేకపోయింది. స్తంభం దగ్గరికి వెళ్ళడం, రావడం. చెప్పడానికి ఇష్టం లేక వెనక్కి తిరిగేది ఆమె ఒక్కతే. కాని అందరూ తిరుగుతున్నారు గనక ఎవరికీ తెలియలేదు.

ఈ చిక్కు విడదీసింది పక్కింటి గురమ్మ. ఆమెకి మోకాళ్ళ నొప్పులు, మందు బరంపేటలో ఉంది, ఇంటికీ వంతెనకీ మధ్య తిరగడమే ఆ మోకాళ్ళకి పనికిరాదు. ఒకరోజు విసుగెత్తి, స్తంభానికి అల్లంత దూరంలో ఉండగానే, "మోకాళ్ళ మందుకెల్తన్నాను తల్లీ, నువ్వడక్కు," అని కేకేసింది. పచ్చదీపం వెలిగింది. అడ్డకర్ర లేచింది. ప్రశ్న రాలేదు.

ఊరు నిర్ఘాంతపోయింది. అడిగితేనే గదా అపశకునం, అడక్కుండా మనమే చెప్పేస్తే దోషం ఏముంది? ఆ మధ్యాహ్నం నుంచి గెడ్డవలస కేకలతో మారుమోగిపోయింది. "మొలల డాక్టరు దగ్గరికండీ." "అప్పు తీర్చమని బావమరిదిని తిట్టడానికండీ." ఒకాయన, "మా ఇంట్లో తెలీకుండా పేకాటకండీ," అని అరిచాక చూసుకుంటే వెనకాల ఆయన భార్యే నిలబడి ఉంది. ఆమె వంతు రాగానే, "ఈయన ఎనకాలేనండీ," అని కేకేసి ఆమె కూడా దాటింది. స్తంభం పక్కన టీ కొట్టు వెలిసింది. పొద్దున్నే వచ్చి బెంచీలు పట్టుకుని, ఎవరెక్కడికో వింటూ కూచోడం పనిలేనివాళ్ళకి పని అయింది. పని ఉన్నవాళ్ళు కూడా మెల్లిగా చేరారు.

పరంజ్యోతిగారు ఆనందం పట్టలేకపోయారు. దీనికి స్వచ్ఛంద వెల్లడి అని పేరు పెట్టారు. జనం గొంతులు పాడవకుండా మైకు పెట్టించారు, దాని బాకా ఊరివైపు తిప్పించారు. యంత్రానికి కూడా వివేకం నేర్పించారు. విన్న ప్రతి మాటనీ తూకం వేసి అవసరం, అనుమానం, పరిహాసం అని మూడు రకాలుగా విడదీస్తుంది. అవసరానికి పచ్చదీపం, అనుమానానికి ఎర్రదీపం. ఒక తాగుబోతు, "ఇంద్రలోకానికండీ," అంటే యంత్రం క్షణం ఆలోచించి, "పరిహాసం. హాని లేదు. వెళ్ళవచ్చు," అంది. హాస్యమాడేవాడు ప్రభుత్వానికి ప్రమాదకారి కాడని శాఖ అధ్యయనంలో తేలిందట. అయినా ఆ తాగుబోతుని తర్వాత పిచ్చాసుపత్రికి చూపించుకొమ్మన్నారు గనక ఊళ్ళో హాస్యం పెద్దగా వ్యాపించలేదు.

నూకరత్నం చాలా ఆలోచించి, మైకు ముందు నిలబడి, "పిండిమర బెల్టు కొనడానికండీ," అంది. పచ్చదీపం. అబద్ధం ఆడ్డం ఆమెకి కష్టమనిపించలేదు. అంత గట్టిగా ఆడ్డమే కష్టమనిపించింది.

"బెల్టుకా?" అన్నాడు దాలినాయుడు టీ ముందు పెట్టుకుని. ఆయనకి నవ్వాలో లేదో తెలీలేదు. "అయితే ఒకటి కొనుక్కుని ఎల్లు రత్నం. సేతులూపుకుంటూ ఎలిపోతే బాగోదు."

కొంది. పై గురువారం కూడా బెల్టే చెప్పింది, బెల్టే కొంది. ఒక మాట చెప్పాక దాన్ని మార్చడానికి భయమేసింది. కొన్నాళ్ళకి దాలినాయుడే ముందుగా కొని, కాగితంలో చుట్టి, హోటలు బల్లమీద పెట్టుకుని కూచునేవాడు. మిగతావాళ్ళు ఇష్టమైన ఆడమనిషికి మల్లెపూలు కొంటారు. ఆయనకి రబ్బరు బెల్టు రాసిపెట్టి ఉంది. పిండిమర గోడలకి మేకులు చాలక నూకరత్నం ఆ బెల్టుల్ని దూలానికి వేలాడదీసింది.

చివరికి పరంజ్యోతిగారే మరకి వచ్చారు. తల పైకెత్తి బెల్టుల్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డారు.

"అమ్మా, యంత్రం మీ విషయంలో కలత చెందుతోంది. ఇన్ని బెల్టులు ఒక పిండిమరకి అక్కర్లేదని దాని అభిప్రాయం. మీరు లోపల విమానం వంటిదేదైనా నిర్మించుటలేదు గదా?"

"లేదు బాబూ. సోళ్ళాడిస్తే బెల్టు వూరికే తెగిపోద్ది," అంది నూకరత్నం.

"సోళ్ళు, అంటే రాగులు," అని ఆయన తల పంకించారు. "ఆ కోణంలో యంత్రం ఆలోచించలేదు." కాని వెళ్ళేముందు చిట్టినాయుణ్ణి పక్కకి పిలిచారు.

పౌరుడు ప్రభుత్వంతో అబద్ధమాడగలడు గాని ఇంట్లోవాళ్ళతో ఆడలేడని శాఖకి కొత్తగా తట్టింది. ప్రతి ఇంటికీ ఒక గృహ ప్రశ్నాధికారిని వెయ్యాలని ఉత్తర్వు. ఇంటి పెద్ద గుమ్మంలో కూచుని, బయల్దేరిన ప్రతివారినీ ఎక్కడికని అడగాలి. గోడకి బిగించిన పెట్టె ఆ జవాబు విని తూకం వేస్తుంది. పెద్దాయన అడిగేదాకా పెట్టె చెవులు చిల్లులు పడేట్టు కీచుమంటుంది.

"నా నోటితో ఎక్కడికని అడగడమేటి బాబూ," అన్నాడు చిట్టినాయుడు, ముఖం పాలిపోయి. "నా ఇంటోల్ల పనులు నానే సెడగొట్టుకోనా?"

"తమరు అడగరు నాయుడుగారూ. ప్రభుత్వం అడుగుతుంది. తమరి నోరు మేము వాడుకుంటాం, అంతే. అపశకునమంటూ ఏదైనా సంభవిస్తే అది పూర్తిగా శాఖకే చెందుతుంది." జేబులోంచి గుండ్రటి ఇత్తడి బిళ్ళ తీసి చొక్కాకి స్వయంగా తగిలించారు. ఒక ప్లాస్టిక్ కుర్చీ కూడా ఇచ్చారు.

మొదటిరోజు చిట్టినాయుడు భార్యని అడగలేక దగ్గాడు. పెట్టె ఒప్పుకోలేదు. కళ్ళు మూసుకుని అడిగాడు. ఆమె మొగుడికి మతి పోయిందేమోనని దిష్టి తీసింది. నెల తిరిగేసరికి కళ్ళు మూసుకోవడం మానేశాడు. ఆ తర్వాత, పెట్టె కీచుమనకముందే అడగడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళూ పక్కనే ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడికి వెళ్తున్నారో తెలుస్తుంటే ఎవరికి చేదు? సాయంత్రాలు ఇత్తడి బిళ్ళలవాళ్ళంతా టీ కొట్టు దగ్గర చేరి సమాచారం పంచుకునేవాళ్ళు. శాఖ వాళ్ళని అలా చెయ్యమనలేదు. అది వాళ్ళ సొంత ఉత్సాహం.

వానలు వెనకబట్టాయి. రిజిస్ట్రారు ఆఫీసులో రోజు ఖాయమైంది. నూకరత్నం ఆ పొద్దున్న తలంటుకుని, ఎప్పుడో కొని దాచుకున్న పసుపు చీర కట్టుకుంది. గుమ్మం దాకా వచ్చింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు అన్న, పేపరు దించకుండానే.

ఆమె లోపలికెళ్ళింది, కూచుంది, కెమెరా ఎదురుగా నీళ్ళు తాగింది, మళ్ళీ వచ్చింది.

"ఎక్కడికి?"

బెల్టు అందామని నోరు తెరిచింది. పక్కన మరలో దూలానికి బెల్టులు వేలాడుతూ కనిపించాయి. పెళ్ళినాడు కూడా ఆ మాటే చెప్పి వెళ్ళాలా అనిపించి ఒళ్ళు మండింది. ఆపైన భయం కూడా పోయింది.

"పెళ్ళికెల్తన్నాను అన్నియ్యా."

"ఎవుల్ది?"

"నాదే."

పేపరు కిందకి దిగింది. గోడమీది పెట్టె క్షణం గొణిగి, "నమ్మశక్యం కాదు. దయచేసి మళ్ళీ అడగండి," అంది.

"ఎవుల్ది పెళ్ళి?" అన్నాడు చిట్టినాయుడు.

"నాదే అన్నియ్యా. బరంపేటలో."

పెట్టె ఆమె వయసూ, ఆమె గురువారాలూ, ఆమె కొన్న రబ్బరూ అన్నీ కూడుకుని ఆలోచించింది. ఎర్రదీపం వెలగబోయి ఆగింది. "పరిహాసం. హాని లేదు. వెళ్ళవచ్చు."

చిట్టినాయుడు చెల్లెలి వంక చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒక్క హాస్యమాడ్డం అతను చూడలేదు. పసుపు చీర చూశాడు, తల్లో పూలు చూశాడు. మెడనరాలు ఉబ్బాయి. లేవబోయాడు. లేస్తే ఏమంటాడో ఆమెకి తెలుసు. గుమ్మం పట్టుకుని కదలకుండా నిలబడింది. అతను పెట్టె వైపు చూశాడు, చొక్కామీది బిళ్ళ వైపు చూశాడు, మళ్ళీ కూచున్నాడు.

"గవర్నమెంటోలు హాస్యమంటన్నారు," అన్నాడు. "గవర్నమెంటుకి నానెదురు సెప్పగల్నా. ఎల్లు. ఎండగుంది, గొడుగొట్టుకెల్లు."

ఆమె గొడుగు తీసుకుని మెట్లు దిగింది.

"ఆడు మంచోడేనా?" అని వెనకనుంచి వినిపించింది.

"మంచోడే."

"హాస్యానికే అడిగాన్లే," అని చిట్టినాయుడు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

వంతెన దగ్గర మైకులో నూకరత్నం అదే మాట చెప్పింది. ఊరివైపు తిరిగిన బాకాలోంచి వీధి వీధికీ వినిపించింది. టీ కొట్టు బెంచీలమీద వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. గురమ్మ, "ఓలమ్మ, దీనికీ ఏలాకోలాలొచ్చినాయి," అంది. పచ్చదీపం వెలిగింది. ఆ రోజు ఊరంతా పెళ్ళి మాట విన్నారు, ఒక్కరూ నమ్మలేదు. సాయంత్రం దండలతో ఇద్దరూ నడిచొస్తుంటే నవ్వినవాళ్ళు టీ గ్లాసుల్లోకి చూశారు. చిట్టినాయుడు అరిచాడు, అలిగాడు, అన్నం తిన్నాడు. దాలినాయుడు షామియానాల కొట్టు మానేసి మర పక్క గదిలో కాపురం పెట్టాడు.

మరుసటి ఏడు శాఖవాళ్ళు స్తంభం పీకేశారు. వీడ్కోలు సభలో పరంజ్యోతిగారి కళ్ళు చెమర్చాయి. "ప్రశ్నించనవసరం లేకుండానే సమాధానం లభించే సమాజం ఏ శాఖకైనా అంతిమ లక్ష్యం. గెడ్డవలసలో మా పని పూర్తయింది. ఈ పరికరాలు ఇంకా మౌనంగా ఉన్న గ్రామాలకు తరలుతున్నాయి." పెట్టెలూ కెమెరాలూ జీపెక్కాయి. బిళ్ళలు మాత్రం గౌరవార్థం ఎవరివి వాళ్ళకే వదిలేశారు. జనం ఖాళీ గుంట దగ్గర ఆగి, తామెక్కడికి వెళ్తున్నారో కేకేసి, కాసేపు ఆగి, వంతెనెక్కేవాళ్ళు. పచ్చదీపం లేదు గనక ఎంతసేపు ఆగాలో తెలియడమే కాస్త ఇబ్బందిగా ఉండేది.

ఒక గురువారం. మరకి సెలవు. దాలినాయుడు అరుగుమీద కూచుని కూరకి చిక్కుళ్ళ ఈనెలు తీస్తున్నాడు. చిట్టినాయుడు కుర్చీలో నిద్రపోతున్నాడు. నూకరత్నానికి ఎందుకో గెడ్డ ఒడ్డుకి పోయి కాసేపు కూచోవాలనిపించింది. పనేమీ లేదు. ఎవరినీ కలిసేదీ లేదు. అడిగేవాళ్ళు లేరని తల్చుకుంటేనే చిన్నపిల్లలా హుషారొచ్చింది. చెప్పులు వేసుకుని వీధి గుమ్మం దాటింది.

"గెడ్డ ఒడ్డుకండీ. ఊరికే కూచోడానికండీ."

వీధి చివరిదాకా వినిపించింది. అంత గట్టిగా అరిచిన గొంతు తనదేనని తెలియడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

దాలినాయుడు చేతిలో చిక్కుడుకాయతో తలెత్తాడు. "నానేటీ అడగలేదు గదా, రత్నం."

ఆమెకి సిగ్గేసింది. వెంటనే ఏడుపు కూడా వచ్చింది. ఇంత జరిగీ, ఎవరికీ మాట చెప్పకుండా వీధి దిగలేకపోయింది. తిరిగి లోపలికి పోదామా, పోకుండా ముందుకే పోదామా అని నడిమధ్య నిలబడింది. ఇంతలో పక్కింటి గోడమీంచి గురమ్మ తల పైకొచ్చింది.

"ఊరికే ఏటే? ఊరికే ఎవులైనా ఎల్తారా? నమ్మబుద్ధి కాదు. మళ్ళీ సెప్పు."

నూకరత్నం మళ్ళీ చెప్పింది.